టోలిచౌకిలో నాలుగు తూనికలు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మెహదీపట్నము దాటి గోల్కొండవైపు పోవు బాటలో టోలిచౌకి యను పేట యున్నది. చౌకి యనగా కావలివారుండు ఠాణా. నేడిచ్చట కావలివారెవ్వరును కానరారు. బాటమీద నొక పెద్ద వంతెనయు, వంతెన క్రింద పండ్లబండ్లును, ఆటోలును, రాత్రి చాల ప్రొద్దుపోవువరకు ఆరని దీపములును మాత్రమే కన్పట్టును. ఈ కూడలినుండి యొక దారి గోల్కొండ కోటకు పోవును. ఇంకొకటి షేకుపేట మీదుగా గచ్చిబౌలికి పోవును. షేకుపేటనుండి గుట్టనెక్కినచో ఫిలింనగరును, దానికావల జూబిలీహిల్సును చేరవచ్చును. తెలుగు చలనచిత్రములవారి కాపురములును కార్యాలయములును ఆ గుట్టలమీదనే విస్తారముగా నున్నవి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారాహిల్సులో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన పిమ్మట నీ ప్రాంతపు రాళ్లగుట్టలకు క్రమక్రమముగా క్రొత్త కళ వచ్చినది.

ఈ పేటలో తెలుగువారు, ఉర్దూ మాటలాడువారు మాత్రమే కాక, చదువుకొరకును వైద్యముకొరకును యెమెను, సోమాలియా, సూడాను మొదలగు దూరదేశములనుండి వచ్చినవారును కాపురముందురు. అందుచేత ఇచ్చటి భోజనశాలలలో బిరియానీతోపాటు, నలుగురు చుట్టును గూర్చుండి యొకే పళ్లెరమున తిను మందీ యను అరబ్బుల అన్నమును దొరకును. రంజాను మాసమున హలీము బట్టీలు వీధికొకటి వెలయును. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి చదువరులలో పెక్కుమంది ఎరిగియే యుందురు. చిత్రమేమనగా, ఆ భోజనశాలల మేడలమీదనే బరువు తగ్గింతుమను వ్యాయామశాలల పలకలు వ్రేలాడుచుండును. క్రింది అంతస్తున పెంచుట, పై అంతస్తున తగ్గించుట! రెంటికిని నడుమ మెట్లమీద నిలిచినది ఆ యింటి ఇల్లాలు.

ఈ పేటనుండి కొంచెము దూరము పోయినచో కుతుబుషాహీ ప్రభువుల సమాధులను చూడవచ్చును. జనులు వానిని ఏడు గుంబజులందురు గాని, లెక్కించి చూచినచో గుంబజులు ఏడుకంటె పెక్కు గలవు. అచ్చట హయాత్ బక్షీ బేగము సమాధి యొకటి. ఆమె యొక ప్రభువునకు కుమార్తె, మరియొకనికి భార్య, వేరొకనికి తల్లి, 1667లో గతించెను. హయత్‌నగరమున కామె పేరే వచ్చినది. ఆ గుంబజుల నీడనుండి చూచినచో గోల్కొండ కోట కనబడును. 1687లో ఔరంగజేబు వశమగువరకు ఆ కోట వజ్రముల బేరమునకు లోకప్రసిద్ధమై యుండెను.

వజ్రములన్నచోట తూనిక యుండక తప్పదు. పదునేడవ శతాబ్దమున ఈ దేశమునకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథమున ఒక వింత వ్రాసెను. వజ్రములు తూచుటకు మంగెలిను అను పడికట్టు ఉండెడిదట. మన మంజాడి గింజ పేరే దానికి మూలమందురు. రావల్కొండ గనివద్ద నొక మంగెలిను 1¾ కారట్లు. గోల్కొండ, బీజాపూరు రాజ్యములలో అదే పేరుగల తూనిక 1⅜ కారట్లు మాత్రమే. పేరొక్కటే, బరువు వేరు. ఒక్క వజ్రము గనివద్ద నొక లెక్కయు, బజారులో నింకొక లెక్కయు చెప్పినను, వజ్రము మాత్రము పెరుగలేదు, తరుగలేదు. ఈ చిన్నమాటను చదువరులు మనసున నుంచుకొందురు గాక. మేము చెప్పబోవు సంగతికంతకు నిదియే మూలము.

మన అమ్మమ్మల కాలమునను ఇట్టి చిక్కే యుండెడిది. చెన్నపట్టణపు మణుగు 25 పౌనులు. రైల్వేవారి మణుగు 82 పౌనులకు పైబడినది. ఒకచోట వీశె, మరియొకచోట సేరు. 1956లో దేశమంతటికి నొకే కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరునుండి కిలోగ్రాము వాడుకలోనికి దిగినది. పారిసు నగరము చెంత భద్రపరచిన మూల కిలోకు ప్రతిబింబమైన 57వ సంఖ్య గల కిలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలయందున్నది. 2019 మే 20వ తేదీనుండి లోహపు దిమ్మెను కూడ విడిచి, ప్రకృతిలోని మార్పులేని యొక సంఖ్యనుబట్టి కిలోను నిర్ణయించుచున్నారు. శాస్త్రజ్ఞులింత శ్రమపడి కిలోను నిలబెట్టియుండగా, మన వీధిలోని యంత్రములు రెండు ఒక్కమాట చెప్పకపోవుట ఏల? ఆ భేదమువలన నొక యింటి కోడలు పస్తుండవలసి వచ్చుట ఏల?

మా అక్కగారి కోడలు టోలిచౌకిలోనే కాపురమున్నది. రెండవ కాన్పు తరువాత నామె రక్తమున చక్కెర మితము దాటుచున్నదని డాక్టరమ్మగారు చెప్పి, నాలుగైదు కిలోలు నెమ్మదిగా తగ్గించుకొనుమనిరి. అమ్మాయి బుద్ధిమంతురాలు, చెప్పినట్లే సాయంకాలము నడచుట, అన్నము కొంత తగ్గించి కూరయు పప్పును హెచ్చించుట ఆరంభించెను. ఇంటి తూనికపై నొక కిలో తగ్గినది. మరునాడు బిడ్డ మందునకై పోయి, మందుల దుకాణము ముంగిట నున్న యంత్రమెక్కగా నది కిలోకు పైగా హెచ్చు చూపినది. ఆ రాత్రి అన్నము మానెను. రెండుదినములకు వ్యాయామశాలలో నెక్కగా నది మిక్కిలి తక్కువ చూపినది. అప్పుడు పొంగిపోయెను. మరల ఇంట నెక్కి క్రుంగిపోయెను. మేము చూడబోయిన దినమున నామె రెండుపూటలనుండి కాఫీ తప్ప నేమియు పుచ్చుకొనలేదు. ఒడిలో పాలుత్రాగు బిడ్డ!

“చిన్నత్తయ్యగారూ, ఏ యంత్రము నిజము చెప్పుచున్నదో నాకు తెలియకున్నది. దేనిని నమ్మి తినవలెను, దేనిని నమ్మి మానవలెను?” అని కన్నీరు పెట్టుకొనెను.

“ముందు లేచి ఇంత పెరుగన్నము తినుము, అమ్మాయీ. యంత్రముల సంగతి రేపుదయమున మనమిద్దరమును పోయి తేల్చుకొందము,” అంటిమి.

ఆ సాయంకాలమే వీధి చివర కిరాణా దుకాణమున ఐదు కిలోల బియ్యపు సంచి యొకటి కొని, విప్పకుండనే దుకాణపు కాంటాపై పెట్టించితిమి. సంచితో కూడ 5 కిలోల 30 గ్రాములు తూగినది. దుకాణదారు తన కాంటాకు వేసిన సర్కారు ముద్రను చూపి, “తనిఖీ యైన కాంటా, అమ్మా! గ్రాము తేడా రాదు,” అనెను. అది వట్టి బడాయి కాదు. బేరమునకు వాడు తూనికలన్నియు నియతకాలమున పరీక్షింపబడి ముద్ర పొందవలెనని చట్టము. బియ్యము తూచు కాంటాకు తనిఖీ కలదు గాని, మన స్నానపుగది మూలనున్న తూనికను పరీక్షించుటకు ఏ యుద్యోగియు రాడు గదా!

మరునాడు వేకువనే బిడ్డకు పాలిచ్చి, కాలకృత్యములు తీర్చుకొని, ఏమియు పుచ్చుకొనకముందే అమ్మాయి ఇంటి తూనిక ఎక్కినది. పలుచని నూలుబట్టలు, చేతికి రెండే గాజులు. 68.4 కిలోలు. తరువాత బియ్యపు సంచిని ఎత్తుకొని ఎక్కుమంటిమి. 73.4. దీనినంతను చిన్న పుస్తకమున వ్రాసికొని, ఆటో యెక్కి బయలుదేరితిమి.

మొదట మందుల దుకాణము. అచ్చటి యంత్రము మెట్టుమీద కొంచెము వాలుగా నిలిచియున్నది. చెప్పులు విడిచి ఎక్కగా 69.6. సంచితో 74.1. తరువాత షేకుపేటవైపున్న వ్యాయామశాల. గోడనిండ అద్దములు, అద్దములనడుమ సినీతారల నిలువెత్తు చిత్రములు. వట్టిగా 67.9, సంచితో 72.9. చివరకు బాట ప్రక్కనే యున్న యొక ఆసుపత్రి. అచ్చటి నర్సమ్మ మా సంచిని చూచి నవ్వుకొన్నను కాదనలేదు. వట్టిగా 68.9, సంచితో 73.9. ఎనిమిది గంటలు కాకముందే ఇల్లు చేరి, అమ్మాయికి ఇడ్డెనలు పెట్టి, పుస్తకమును విప్పితిమి.

సోదరీమణులారా, ఆ నాలుగు లెక్కలను మీరును ఒకమారు చూడుడు. మనిషి యొక్కతె, గంటసేపటిలో నాలుగు బరువులు. అన్నిటికంటె తక్కువ చెప్పినది 67.9, అన్నిటికంటె ఎక్కువ చెప్పినది 69.6. భేదము 1.7 కిలోలు. మూడు నాలుగు వారములు శ్రమపడి తగ్గదగినంత బరువును ఈ పిల్ల ఆటోలో కూర్చుండియే తగ్గినది, పెరిగినది! కాని బియ్యపు సంచి కథ వేరు. ఇంటి తూనిక దానిని 5 కిలోలనినది. వ్యాయామశాల 5 అనినది. ఆసుపత్రియు 5 అనినది. మందుల దుకాణము మాత్రము నాలుగున్నర యనినది.

దీని భావమేమి? మూడు యంత్రములు మనిషి బరువును మూడు విధముల చెప్పినను, హెచ్చిన బరువెంత యను ప్రశ్నకు మాత్రము మూడును ఒకే సమాధాన మిచ్చినవి. వాని మొదలు వేరుగాని నడక యొక్కటియే. గోడ గడియారము పదినిమిషములు ముందున్నను, పప్పుడుకుటకు పట్టు అరగంటను సరిగనే చూపును గదా! అట్లే అరకిలో ఎక్కువ చూపు తూనికయైనను, తగ్గిన కిలోను కిలోగనే చూపును. మనకు కావలసినది తగ్గుదల. కావున నడక సరియైన యంత్రమేదైనను మనకు చాలును. దాని నొక్కదానినే నమ్ముకొనవలెను. ఐదు కిలోలను నాలుగున్నర యను యంత్రమును మాత్రము నమస్కరించి విడువవలెను. దాని నడకయే తప్పు.

ఇక యంత్రములు భేదించుటకు కారణములు వినుడు. ముల్లు తిరుగు పాతరకపు తూనికలలో ఉక్కుచుట్ట యుండును. అది ఏండ్లు గడచినకొలది సాగి అలసిపోవును. ఎక్కకముందు ముల్లు సున్నమీద నున్నదో లేదో చూచి, ప్రక్కనున్న మరను త్రిప్పి సరిచేయవలెను. అంకెలు వెలుగు క్రొత్తరకములలో నాలుగు మూలల చిన్న లోహపు బద్దలుండును. అవి బరువునకు వంగినంత విద్యుత్తు మార్పు కలుగును. దానిని యంత్రము అంకెగా మార్చును. మెత్తని చాపమీద గాని, తివాసీమీద గాని, ఎగుడుదిగుడు బండలమీద గాని పెట్టినచో ఆ మూలలు సమముగా నానక లెక్క చెడును. ఒకే గదిలో తూనికను బండమీదినుండి తివాసీమీదికి జరిపి చూడుడు, మీకే తెలియును. కొన్ని యంత్రములకు వెనుకటి అంకెను గుర్తుంచుకొను అలవాటు కూడ కలదు. వెంటనే మరల ఎక్కినచో స్వల్పభేదమును దాచి పాత అంకెనే చూపును. మూడుమార్లు ఎక్కినను ఒకే అంకె వచ్చినదని మురియుటకు లేదు.

విదేశమునుండి బిడ్డలు పంపిన తూనికలును పెక్కిండ్ల నున్నవి. వానికొక వింత కలదు. భూమి తనవైపునకు లాగుకొను బలము ధ్రువములయొద్ద ఎక్కువగను, భూమధ్యరేఖకు సమీపమున తక్కువగను ఉండును. లండను నగరమున సరిచేసిన తూనికను మరల సరిచేయక హైదరాబాదున వాడినచో, 60 కిలోల మనిషిని సుమారు 180 గ్రాములు తక్కువగా చూపును. ఆ తగ్గుదలకు ఏ పథ్యమును అక్కరలేదు; విమానపు టిక్కెట్టు చాలును!

కట్టుబట్టలు, నగలు ఇంకొక కారణము. జరీ పట్టుచీర ముక్కాలు కిలో తూగవచ్చును. పెండ్లి భోజనమునకు పోయివచ్చి, చీర మార్చకయే తూనిక ఎక్కిన వదినగారు తెల్లవారి నూలుచీరతో ఎక్కినప్పుడు తగ్గితినని పొంగుట మనమెరిగినదే.

యంత్రముల మాట అటుండనిండు. శరీరము మాత్రము ఒక్కతీరున నుండునా? లీటరు నీరు ఒక కిలో. పెద్ద గ్లాసెడు మజ్జిగ త్రాగి ఎక్కినచో పావుకిలో హెచ్చును. ఆవకాయ, అప్పడములు, హలీము వంటి ఉప్పుగల పదార్థములు తిన్న మరునాడు శరీరము నీటిని పట్టి యుంచును. నెలసరికి ముందు దినములలో పెక్కుమంది స్త్రీలకు కిలోయో, అంతకు హెచ్చో నీటివలన పెరిగి, ఆ దినములు గడచిన వెంటనే తనంతట తగ్గును. మలబద్ధకము, నిద్రలేమి, వేసవి చెమట — అన్నియు అంకెను కదలించును. ఉదయమునకు, రాత్రికి ఒకటి రెండు కిలోల భేదము ఆరోగ్యవంతులకును సహజము.

క్రొవ్వు మాత్రమట్లు రాత్రికి రాత్రి పోవునది కాదు. ఒక కిలో శరీరపు క్రొవ్వు కరగుటకు సుమారు 7,700 కెలోరీలు వ్యయము కావలెనని లెక్క. కూర్చుండి పనిచేయు స్త్రీకి దినమునకు వలయునది సుమారు 1,660 కెలోరీలని మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారి అంచనా. ఆ లెక్కన, రోజంతయు నీరు తప్ప మరేమియు ముట్టకున్నను, తగ్గు క్రొవ్వు పావుకిలోకంటె తక్కువ. కావున తెల్లవారునప్పటికి కిలో తగ్గినదన్నను, కిలో పెరిగినదన్నను అది క్రొవ్వు కాదు, నీటి రాకపోకలే. దానికై సంతోషింపవలదు, పస్తుండవలదు.

ఈ పోషకాహార సంస్థ చరిత్రయు వినదగినది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణకై చిన్న శాఖగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు వచ్చి, నేడు తార్నాకలో నున్నది. బరువు తగ్గదలచినవారు వారమునకు సుమారు అరకిలో తగ్గుట క్షేమమనియు, దినమున కాహారము 1,000 కెలోరీలకు తగ్గరాదనియు ఆ సంస్థవారి హితవు. పాలిచ్చు తల్లికి ఇంకను హెచ్చు ఆహారము కావలెను. ఆమె డాక్టరునడుగకుండ నేమియు తగ్గింపరాదు. ఆలోచింపుడు: వారమునకు తగ్గునది అరకిలో, దినమునకు ఊగులాడునది కిలో. ఆ అరకిలోను ఒక దినపు అంకెలో వెదకుట ఏటివరదలో చెంబెడు నీళ్లు కొలుచుట వంటిది. వారముల తరబడి చూచినగాని కానరాదు.

ఇంతకును మన ఆడపిల్లల కీ తొందర ఎచ్చటినుండి వచ్చినది? షేకుపేటనుండి గుట్టవైపు తలయెత్తి చూచినచో కారణములలో నొకటి కన్పట్టును. వెండితెరపై సన్నని నడుము చూచి, తన నడుమును అద్దమున చూచుకొనుట నేటి మాట కాదు. రైలు స్టేషనులలో రంగుదీపములు తిరుగు తూనికలుండెడివి. నాణెము వేసినచో చిన్న అట్టముక్క రాలెడిది. ఒకప్రక్క మన బరువు, దానితోడనే జాతకమో సినీతార బొమ్మయో! బరువును అదృష్టముతోను, అందముతోను ఒకే అట్టమీద ముద్రించిన కాలమది. ఆ చలనచిత్రములవారే 2015లో ప్రకాశ్ కోవెలమూడిగారి దర్శకత్వమున “సైజ్ జీరో” అను చిత్రము తీసిరి. అనుష్క శెట్టిగారు ఆ పాత్రకొరకు తమ బరువును నిజముగనే పెంచుకొనిరి. లావుగానున్న కన్య పెండ్లిచూపుల చిక్కులును, త్వరగా సన్నబరతుమను సంస్థవలన ఆమె స్నేహితురాలికి కలిగిన ఆపదయు, దానిపై నాయిక పూనిన పోరాటమును అందలి కథ. సన్నదనమును అలవాటు చేసిన గుట్టమీదినుండియే సన్నదనపు తొందర కూడదను మాటయు వచ్చుట మాకు సంతోషము కలిగించినది.

అంకె తగ్గకున్నను మేలు కలుగవచ్చుననుటకు మన ప్రక్కనే నిదర్శన మొకటి యున్నది. చెన్నై నగరమున 500 మందికి పైగా, మధుమేహపు అంచున నున్నవారిని మూడేండ్లవరకు కనిపెట్టి, 2006లో ఫలితములను ప్రకటించిరి. నడకను, తిండిని సరిచేసుకొన్నవారిలో మధుమేహము వచ్చుట, ఏ మార్పును చేసికొననివారికంటె 28.5 శాతము తగ్గినది. వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గనేలేదు! తూనిక మౌనముగా నున్నను శరీరము మేలును గ్రహించినదన్నమాట. ప్రతిదినము నడచుచు, తూనికపై ఫలము కానక నిరాశపడి మానివేయుచున్న సోదరీమణు లీ సంగతిని చీర కొంగున ముడివేసికొందురు గాక.

మా అమ్మాయికి మేమేర్పరచిన పద్ధతి మిక్కిలి సులభము. ఇంటి తూనిక నడక సరియైనది గావున, అదే చాలును. గట్టి బండమీద ఒకేచోట దాని నుంచవలెను. వేకువనే, కాలకృత్యముల తరువాత, ఏమియు పుచ్చుకొనకముందు, ఒకే విధమైన బట్టలతో, ఒక్కమారే ఎక్కవలెను. అంకెను పంచాంగపు ప్రక్క వ్రేలాడు క్యాలెండరుమీద వ్రాసి మరచిపోవలెను. వారము తిరిగినపిమ్మట ఏడు అంకెలను కూడి ఏడింట భాగించి, ఆ సగటును వెనుకటి వారపు సగటుతో మాత్రమే పోల్చవలెను. నెలసరి వారమును వెనుకటి నెలసరి వారముతో పోల్చుట మేలు. ప్రతిదినము అంకె చూచి మనసు కలతపడువారు వారమున కొక్కమారే చూచిన చాలును. నెలకొకమారు బియ్యపు సంచితో తూనికను పరీక్షించి, ఆ బియ్యము వండుకొని, క్రొత్త సంచి తెచ్చుకొనవచ్చును. బయటి యంత్రములను వేడుకకైనను ఎక్కవలదు. ఎక్కినను ఆ అంకెను ఇంటి పుస్తకమున వ్రాయవలదు.

తూనికతోపాటు దర్జీ టేపు నొకదానిని కూడ ఉంచుకొనవలెను. మన దేశపు స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటుట మంచిది కాదని వైద్యులు చెప్పుచున్నారు. కడుపుచుట్టు చేరిన క్రొవ్వు చక్కెర వ్యాధికిని, గుండెజబ్బునకును దారితీయును. టేపునకు గూడ చోటు మార్పరాదు. ప్రతిమారు ఊపిరి విడిచి ఒకేచోట కొలువవలెను.

పది వారములు గడచినవి. ఇంటి తూనికపై సగటు 65.3 అయినది, అనగా మూడు కిలోలకు పైగా తగ్గినది. వ్యాయామశాలవారు తమ తూనికనుగూడ ఎక్కుమనగా 64.8 వచ్చినదట. రెండు అంకెలు వేరైనను, రెంటిపైనను తగ్గినది సరిగా 3.1 కిలోలే. నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గినది. చక్కెర దారికి వచ్చుచున్నదని డాక్టరమ్మగారు సంతోషించిరి. బిడ్డ పాలకు లోటు రాలేదు. అమ్మాయి ఒక్కపూటయైనను పస్తుండలేదు.

ఈ పద్ధతి బరువు తగ్గదలచినవారికి మాత్రమే కాదు. గర్భిణీస్త్రీ నెలనెలకు పెరుగు బరువును ఒకే ఆసుపత్రి తూనికపై చూపించుకొనుట మంచిది. అంగన్‌వాడీలో పసిపిల్లలను తూచునప్పుడు మొదట ముల్లు సున్నకు తెచ్చిరో లేదో తల్లులు గమనింపవలెను. పిల్ల యెదుగుదల గీత ఆ అంకెలమీదనే నడచును. మందు మోతాదును బరువునుబట్టి నిర్ణయించు సందర్భములలో, పసిపిల్లలకు గాని, శస్త్రచికిత్సకు ముందు గాని, ఇంటి అంకె చెప్పక ఆసుపత్రిలోనే తూచుకొనవలెను. అచ్చట తగ్గుదల కాక నిజమైన బరువే కావలెను. ఇక ఏ ప్రయత్నమును లేకుండ ఒకే తూనికపై వారమువారము బరువు తగ్గుచున్నచో అది సంతోషించు సంగతి కాదు; వెంటనే డాక్టరునకు చూపించుకొనవలెను.

తూచుకొనుట మనకు క్రొత్త కాదు, అవమానమును కాదు. మేడారము జాతరలో భక్తులు తమ యెత్తు బెల్లమును తూచి, దానిని బంగారమని పిలిచి సమ్మక్క సారలమ్మలకు సమర్పింతురు. అచ్చట త్రాసులో కూర్చున్న స్త్రీని చూచి ఎవ్వరును ఇంత లావేమని యడుగరు. ఎంత బరువైన అంత బంగారము. సత్యభామ తులాభారపు కథలో ధనరాశులన్నియు తేలిపోగా తులసిదళ మొకటి మొగ్గినదని మన పిల్లలకు మనమే చెప్పుచుందుము. మనిషి విలువ పళ్లెములోని బరువునుబట్టి లేదని ఆ కథ నేర్పుచున్నది. కావున, సోదరీమణులారా, తూనికను ఇంట ఉంచుకొనుడు, ఒక్కదానినే ఉంచుకొనుడు, అది చెప్పు మాటను వారమున కొకమారు వినుడు. అన్నము మాత్రము వేళకు తినుడు.